మొహం లేని పటాలు

సవర గిరిజనుల పాత ఇళ్లలో బొమ్మ ఉండేది లోపలి గోడ మీద, వెలుతురు అంతంతమాత్రంగా పడే చోట. ముందు గోడని ఎర్రమన్నుతో అలుకుతారు. బియ్యప్పిండి నీళ్లలో కలిపి, కొస చితక్కొట్టిన పుల్లని అందులో ముంచి గీస్తారు. నలుపు కావాలంటే పొయ్యి మసి ఉండనే ఉంది. మొదట నాలుగు వైపులా అంచు కడతారు, అది ఇల్లు. ఆ అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి నింపుకుంటూ వస్తారు. సూర్యుడు, చంద్రుడు, దువ్వెన, బల్లి, కోతి, గొడుగు కింద నడిచే మనిషి, గుర్రమెక్కిన మనిషి, ఏనుగెక్కిన మనిషి, వరసకట్టి ఆడే జనం. మనిషంటే రెండు ముక్కోణాలు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, తల ఉండాల్సిన చోట ఒక చుక్క. కళ్లు లేవు, ముక్కు లేదు, ఆడో మగో కూడా చాలాసార్లు తేలదు. సీతంపేట, భామిని కొండల్లోనూ, ఒడిశా సరిహద్దు అవతల గుణుపురం, పుట్టాసింగి వైపూ ఇదే పద్ధతి. అయినా ఆ ఇంటివాళ్లకి ఆ గోడ మీద ఉన్నది ఎవరో ఒక మనిషి కాదు. ఫలానా ముసలమ్మ, ఫలానా చిన్నాన్న. చనిపోయిన వాళ్ల కోసం, వాళ్ల పేరు చెప్పి వేయించిన బొమ్మ అది.

దీన్ని మనిషి పటం అనవచ్చా? పటమంటే పోలిక ఉండాలి, చూడగానే గుర్తుపట్టాలి అనుకునేవాళ్లు అనకూడదనే చెబుతారు. గుర్తుపట్టడానికి అక్కడ మొహమే లేదు. ఈ వ్యాసం వాదించేది దీనికి ఎదురు. పటంలో మనిషిని నిలబెట్టేది పోలిక కాదనీ, ఆ బొమ్మ ముందు నిలబడి పేరుపెట్టి పిలిచేవాళ్లు ఉండటమనీ, ఆ లెక్కన చూస్తే సవర గోడ మీది చుక్కతల బొమ్మ అచ్చమైన పటమేననీ. ఈ మాట నిలబడాలంటే మన్యంలోనే కూర్చుంటే కుదరదు. పోలికనే పూర్తిగా నమ్ముకున్న చోటికి వెళ్లి, అక్కడ ఆ పోలిక చివరికి ఏమైందో చూడాలి. అందుకు రెండు వందల ఏళ్ల కిందటి అమెరికాని మించిన చోటు లేదు.

అమెరికా స్వాతంత్ర్యం తెచ్చుకున్న తొలి యాభై ఏళ్లలో మామూలు సంసారులు గోడకి తగిలించుకున్న పటం తైలవర్ణ చిత్రం కాదు, కాగితంలో కత్తిరించిన పక్కమొహం. తైలవర్ణ చిత్రం షావుకారుకే అందేది. కాగితం నీడ కొట్టు గుమాస్తాకీ అందింది. దీనికి స్థిరపడిన పేరు సిల్హౌట్. 1759లో కొద్ది నెలలు ఫ్రాన్స్ ఆర్థికమంత్రిగా ఉండి, పొదుపు పొదుపు అని జనం చేత తిట్లు తిన్న ఎతియెన్ ద సిలుయెట్ పేరు చౌకరకం వస్తువుకి మారుపేరై ఇలా అంటుకుంది. ఫిలడెల్ఫియాలో చార్లెస్ విల్సన్ పీల్ అనే చిత్రకారుడు నడిపిన మ్యూజియంలో 1802లో ఒక యంత్రం పెట్టారు. జాన్ ఐజక్ హాకిన్స్ తయారీ, పేరు ఫిజియోనోట్రేస్. మనిషి పక్కకి తిరిగి కూర్చుంటే చిన్న ఇత్తడి ముక్క ఒకటి నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం తాకుతూ దిగుతుంది. దానికి జోడించిన సూది అదే గీతని చిన్నది చేసి, నాలుగు పొరలుగా మడిచిన కాగితం మీద నొక్కుతుంది. ఆ గీత వెంట కత్తిరిస్తే ఒకేసారి నాలుగు ప్రతులు. మధ్యలోంచి తల ఆకారం రాలిపోతుంది. మిగిలిన తెల్లకాగితం వెనక నల్లటి కాగితమో గుడ్డో పెడితే మనిషి నీడ తేలుతుంది. కత్తిరించే పని చేసింది మోజెస్ విలియమ్స్. పీల్ ఇంట్లో బానిసగా పెరిగి, 1802లో స్వేచ్ఛ పొందిన నల్లజాతి యువకుడు. ఒక్కో కూర్పుకి 8 సెంట్లు తీసుకునేవాడు. 1803 ఒక్క ఏడాదిలో అతని కత్తెర కింద 8 వేలకు పైగా పక్కమొహాలు తయారయ్యాయని పీల్ స్వయంగా లెక్క చెప్పుకున్నాడు. ఆ ఆదాయంతో విలియమ్స్ ఇల్లు కొనుక్కున్నాడు, పెళ్లి చేసుకున్నాడు.

జనం అంతగా ఎగబడటానికి చౌక ఒక్కటే కారణం కాదు. స్విట్జర్లాండ్ మతబోధకుడు లావటర్ 1770లలో రాసిన ముఖసాముద్రికం అప్పటికి అట్లాంటిక్ దాటింది. మనిషి గుణం పక్కమొహం గీతలో అచ్చుపడి ఉంటుందనీ, చిత్రకారుడి ముఖస్తుతి కలవనిది నీడ ఒక్కటేననీ ఆయన సిద్ధాంతం. యంత్రం గీసిన గీత అబద్ధం ఆడదన్న భరోసా దానికి తోడయింది. అంటే మనిషిని భద్రపరచడంలో పోలికకి ఇంతకంటే పెద్ద పీట ఎవరూ వేసి ఉండరు. మరి ఆ 8 వేల మొహాలు ఇవాళ ఎక్కడున్నాయి? చాలామటుకు పోయాయి. మిగిలినవి మ్యూజియం సొరుగుల్లోనూ వేలంపాటల్లోనూ ఉన్నాయి, పక్కన ‘పేరు తెలియని స్త్రీ’, ‘గుర్తు తెలియని యువకుడు’ అన్న చీటీలతో. గడ్డం కింద మెత్తటి వంపు ఉంది, జుట్టుముడిలోంచి జారిన పాయ ఉంది, వెంట్రుక వాసి తేడా లేదు. ఎవరో చెప్పేవాళ్లు లేరు. చూసి ‘మా అమ్మమ్మే’ అనగలిగిన చివరి మనిషి పోయిన రోజే ఆ పోలిక పని అయిపోయింది. ఈ నష్టం తప్పించినవాడు ఒకడున్నాడు, ఆగస్త్ ఎదుయార్ అనే ఫ్రెంచివాడు. యంత్రాన్ని ఈసడించుకుని, కంటితో చూసి వట్టి కత్తెరతో కత్తిరించేవాడు. 1839 నుంచి 1849 దాకా అమెరికా ఊళ్లు తిరిగాడు. ప్రతి బొమ్మకీ రెండో ప్రతి తన ఆల్బమ్‌లో అతికించుకుని, పేరు, ఊరు, తేదీ రాసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో అతనెక్కిన ఓడ గెర్న్‌సీ ద్వీపం దగ్గర బద్దలై ఆల్బమ్‌లు కొన్ని సముద్రం పాలయ్యాయి. ఒడ్డుకి చేరినవి ఇవాళ చరిత్రకారులకి పెన్నిధి. కత్తెర పనితనం కంటే పక్కన సిరాతో రాసిన పేరే వాటికి ఆ విలువ తెచ్చింది.

నీడకి మనిషి పోలిక ఎంత ఉన్నా మనిషి కాలేదన్న సంగతి శ్రీకాకుళం వాళ్లకి కొత్తగా చెప్పాల్సింది కాదు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి సరసన ఉష, పద్మినులతో పాటు ఛాయాదేవి కూడా ఉంది. పురాణ కథ అందరూ ఎరిగిందే. భర్త వేడి తట్టుకోలేక సంజ్ఞాదేవి తన నీడనే తనలా చేసి ఇంట్లో నిలిపి వెళ్లిపోయింది. పోలిక ఎంత బాగా కుదిరిందంటే లోకాలన్నిటికీ వెలుగిచ్చే సూర్యుడే పోల్చుకోలేకపోయాడు. ఏళ్లు గడిచాయి, పిల్లలూ పుట్టారు. గుట్టు బయటపడింది రూపంలో తేడా వల్ల కాదు. సంజ్ఞ కన్న పిల్లల్ని చిన్నచూపు చూసి యముణ్ణి శపించినప్పుడు, కన్నతల్లి ఇలా శపించదు కదా అని సూర్యుడికి అనుమానం వచ్చింది. రూపం పాసైన పరీక్షలో బంధం ఫెయిలయింది. లావటర్‌ని నమ్మిన ఫిలడెల్ఫియా వాళ్లకి ఈ కథ ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇక సవర గోడ దగ్గరికి వద్దాం. 1940లలో ఈ కొండల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్, 1955లో వెలువడిన తన పెద్ద పుస్తకం ‘ద రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్’లో ఈ బొమ్మల తయారీని ఓపిగ్గా నమోదు చేశాడు. ఇంట్లో జబ్బు వస్తుంది, పంట దెబ్బతింటుంది, లేదా పండగ దగ్గరపడుతుంది. పోయినవాళ్ల మాట పలికే సవర పూజారి, కురాన్, పూనకంలోకి వెళ్లి, ఫలానా చనిపోయినవాడికి ఇంట్లో చోటు కావాలట అని చెబుతాడు. ఆడమనిషి అయితే కురాన్‌బోయ్. అప్పుడు బొమ్మలు వేసే మనిషిని పిలుస్తారు. బొమ్మ పూర్తయ్యాక అసలు తంతు మొదలవుతుంది. కురాన్ బొమ్మ ముందు కల్లు పెట్టి, చనిపోయినవాణ్ణి పేరుపెట్టి పిలిచి, వచ్చి చూసుకో, నీకు నచ్చిందా అని అడుగుతాడు. ఆ మనిషి కురాన్ నోటితో వంకలు పెడతాడు. ఇది లేదేం, అది మరిచారేం అంటాడు. బొమ్మ వేసినవాడు మళ్లీ పుల్ల ముంచి, అడిగింది చేరుస్తాడు. ఎల్విన్ చూసిన గోడల మీద రైళ్లు, సైకిళ్లు, విమానాలు కూడా ఉన్నాయి. కొండ దిగి రైలెక్కని మనిషికి పోయాకైనా ఒక రైలు దక్కింది.

పీల్ మ్యూజియంలో కూర్చున్న మనిషికి ఈ హక్కు లేదు. ఇత్తడి ముక్క దిగినంతసేపు కదలకుండా ఉండటమే అతని వంతు. చనిపోయిన సవర మనిషి కూర్చోడు సరికదా బేరమాడతాడు, అలుగుతాడు, ఇంకా కావాలంటాడు. మొహంలో కనపడని మనిషి ఆ కోరికల్లో కనపడతాడు. అందుకే దూరం నుంచి అన్నీ ఒకేలా అనిపించే గోడలు దగ్గరికెళ్తే ఒక్కోటీ ఒక్కో తీరుగా ఉంటాయి. ఒకదానికి ఏనుగులెక్కువ, ఇంకోదానికి గొడుగులెక్కువ. 1970ల నుంచీ సవరల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ‘డయలాగ్స్ విత్ ద డెడ్’ పుస్తకంలో చూపించింది కూడా ఇదే బంధం. బతికున్నవాళ్లు పోయినవాళ్లతో కురాన్ ద్వారా గంటల తరబడి మాట్లాడతారు, పాత తగాదాలు తిరగదోడతారు, ఏడుస్తారు, నవ్వుతారు. గోడ మీది బొమ్మ ఆ సంభాషణకి ఇంట్లో కేటాయించిన చోటు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. అది చోటే అయితే పటం ఎలా అవుతుంది? పూజాసామగ్రిని తెచ్చి చిత్రకళ పద్దులో రాయడం చదువుకున్నవాళ్ల చాదస్తం కాదా? సగం నిజమే. సవరలు దాన్ని కళ అని గోడకెక్కించలేదు. అయితే పటమూ పూజా వేరువేరు గూళ్లలో ఉంటాయన్న లెక్క మన మైదానపు ఇళ్లకి కూడా అతకదు. బొబ్బిలి కోట కింది ఊళ్లలోనైనా, నాగావళి ఒడ్డునైనా, ఫొటో స్టూడియోలు రాకముందు మామూలు సంసారికి పటం అన్నదే లేదు. అయినా పెద్దల్ని మరిచిపోలేదు. తర్పణం విడిచేటప్పుడు తండ్రిని వసురూపుడిగా, తాతని రుద్రరూపుడిగా, ముత్తాతని ఆదిత్యరూపుడిగా తలుస్తారు. అంటే రూపం ఊరందరి తండ్రులకీ ఒకటే. మనిషిని విడదీసి చూపేవి పేరూ గోత్రమూ మాత్రమే. ఇంతకంటే తెగేసి పోలికని పక్కన పెట్టిన ఏర్పాటు ఇంకోటి ఉంటుందా? శ్రీకూర్మం స్తంభాల మీద శాసనాలు చూడండి. అఖండదీపం పెట్టించినవాళ్ల పేర్లున్నాయి, దీపానికి ఇచ్చిన దానం లెక్క ఉంది, వాళ్ల ముక్కుతీరు ఎలా ఉండేదో రాయించుకోవాలని ఎవరికీ తోచలేదు. సంక్రాంతికి పెద్దలకి కొత్తబట్టలు పెట్టేటప్పుడు, మనవడికి తాత పేరు పెట్టేటప్పుడు జరిగేదీ అదే. సవరలూ పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెడతారు. కొండకీ మైదానానికీ వంద తేడాలున్నా ఈ విషయంలో ఇద్దరిదీ ఒకటే బడి.

పేరుంటే చాలు మనిషి నిలుస్తాడా అంటే, నిలవడు. అమెరికాలోని కనెక్టికట్‌లో ఫ్లోరా అనే 19 ఏళ్ల బానిస యువతి నీడబొమ్మ ఒకటి భద్రంగా ఉంది. బొమ్మతో పాటు కాగితమూ ఉంది, పేరూ ఉంది, 1796 అన్న ఏడూ ఉంది. ఆ కాగితం ఆమెని అమ్మిన క్రయపత్రం. పోలిక కుదిరింది, పేరు దక్కింది, రెండూ సరుకుని ఆనవాలు పట్టడానికి పనికొచ్చాయి. ఫ్లోరా అని పిలిచింది ఆమె మనుషులు కాదు, కొన్నవాడు. నా వాదనకి ఇది అడ్డంగా కనిపిస్తుంది గానీ నిజానికి దాన్ని సాన పడుతుంది. పిలుపులో పిలిచేదెవరు, ఎందుకు అన్నదీ భాగమే. ఇదే నల్లకాగితం మోజెస్ విలియమ్స్ విషయంలో ఇంకోలా పనిచేసింది. ఫిలడెల్ఫియా లైబ్రరీ కంపెనీలో అతని పక్కమొహం ఉంది. దాని మీద అతని పేరుతో పాటు పక్కమొహాలు కత్తిరించేవాడు అని వృత్తి రాసి ఉంది. దాన్ని చాలాకాలం పీల్ కొడుకు రఫాయెల్ పనిగా లెక్కగట్టారు. కాదు, విలియమ్స్ తనని తానే కత్తిరించుకుని ఉండవచ్చని ఈ మధ్య కళాచరిత్రకారులు వాదిస్తున్నారు. తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ ఒకే నలుపులోకి దించిన కత్తెర అది.

ఫొటో వచ్చాక ఈ చర్చంతా ఎందుకని ఇంకొకరు అడగవచ్చు. 1839లో డాగెరోటైప్ వచ్చి కాగితం నీడల వ్యాపారాన్ని పదిపదిహేనేళ్లలో మట్టికరిపించిన మాట నిజం. మన దగ్గర కూడా చనిపోయినవాళ్లకి ఫొటో కట్టించి, దండ వేసి, అద్దం మీద బొట్టు పెట్టి, చిన్న ఎర్రబల్బు వెలిగించడం రివాజయింది. కానీ ఆ ఫొటో ఎలా తయారవుతుందో గమనించండి. పెళ్లి గ్రూపు ఫొటోలోంచో ఆధార్ కార్డులోంచో తల విడదీస్తారు. స్టూడియోవాడు జీవితంలో ఎన్నడూ తొడగని తెల్లచొక్కానో కట్టని పట్టుచీరనో దానికి అమరుస్తాడు, వెనక నీలం రంగు వేస్తాడు, ముడతలు చెరిపేస్తాడు. పోలిక సగానికి సగం కల్పితం. ఇంట్లో ఎవరూ అభ్యంతరపెట్టరు, పైగా బాగా వచ్చిందంటారు. పోయినవాళ్లకి బతుకులో దొరకనిది పటంలో పెట్టడం ఇక్కడా జరుగుతోంది. సవర గోడకి రైలు ఎక్కినట్టే ఈ పటానికి పట్టుచీర ఎక్కింది. ఫొటో పోలికని చౌక చేసింది తప్ప, దాని ముందు నిలబడి మాట్లాడేవాళ్ల అవసరాన్ని తీసేయలేదు.

ఇప్పటి సంగతి. ఆ గోడలు చాలావరకు పోయాయి. పక్కా ఇళ్లకి సిమెంటు, సున్నం వచ్చాయి. సవరల్లో ఎందరో క్రైస్తవం తీసుకున్నారు. దీన్ని బయటివాళ్లు వచ్చి చెడగొట్టారని తేల్చేయడం సులువు, న్యాయం కాదు. జబ్బు చేసిన ప్రతిసారీ బలులు, కల్లు, దానికి అప్పులు. వాటి నుంచి బయటపడాలని, చదువుకోవాలని కుర్రకారే కోరుకుంది. ఆ మార్పుని విటెబ్‌స్కీ 2017లో ‘లివింగ్ వితౌట్ ద డెడ్’ పేరుతో రాశాడు. గోడ మీద పోయిన బొమ్మ ఇప్పుడు కాన్వాసు మీదా చీర కొంగు మీదా కనిపిస్తోంది. ఒడిశా పక్క 2024 జనవరిలో లాంజియా సౌరా (అక్కడి సవరల) చిత్రాలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పాటుతో పర్లాకిమిడి జమీందారీని చీల్చి గీసిన గీతకి అటువైపు దక్కిన గుర్తింపు అది. ఆ విభజనకి నొచ్చుకుని పర్లాకిమిడి వదిలి రాజమండ్రి చేరిన గిడుగు రామమూర్తి పంతులు, సవర భాషకి 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చిన మనిషి. ఇటువైపు పరిస్థితి చూస్తే, సీతంపేట 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కొండ కదల్లేదు, ఫైలు కదిలింది.

అమ్ముకోవడం తప్పనే శుద్ధవాదంతో నాకు పేచీ ఉంది. పూనకం లేకుండా వేసిన బొమ్మ అమ్మి కుటుంబం గడిస్తే మంచిదే. విలియమ్స్ ఇల్లు కొన్నది కత్తెర పనితోనే. నష్టం ఇంకోచోట జరుగుతోంది. చీర కొంగు మీద ఏనుగెక్కిన మనిషి ఉన్నాడు గానీ అతను ఎవరికీ ఏమీ కాడు. ఫిలడెల్ఫియా సొరుగులోని ‘పేరు తెలియని స్త్రీ’కి పట్టిన గతే ఇది, కాకపోతే ఇక్కడ పుట్టుకతోనే వచ్చింది. భౌగోళిక గుర్తింపు రంగుని, పద్ధతిని, ప్రాంతాన్ని కాపాడుతుంది. ఆ బొమ్మ ఎవరి కోసమో అది అడగదు, అడగడం దాని పనీ కాదు. ఎల్విన్ అడిగాడు. తన పుస్తకాల్లోని గోడబొమ్మల కింద ఏ ఊరిది, ఎవరి కోసం, ఏ కష్టం వచ్చి వేయించారో రాసుకుంటూ పోయాడు. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అమ్మకపు కౌంటర్లో దొరికే కాన్వాసు వెనక వేసినవాళ్ల పేరు, ఊరు రాయడానికి పెన్ను చాలు. పాత గోడల నమూనా చూసి వేసినదైతే, ఆ గోడ ఎవరింటిదో, ఎవరిని పిలిచిన గోడో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్న ఊళ్లలో, వాళ్లని కూర్చోబెట్టి అడగాలి. ఒక్కో గోడకి ఒక పేజీ సరిపోతుంది: ఇంటివాళ్లెవరు, పోయినవారెవరు, కురాన్ నోటితో ఏం అడిగారు, చివర్న చేర్చిన బొమ్మ ఏది.